వసంతారంభంలో ఒక రోజు: మూర్‌ల్యాండ్ మీద, జలాశయాల వద్ద పక్షుల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఈ కింది పనులు చేయగలగాలి.

1. మూర్‌ల్యాండ్ అంటే ఏమిటో, వసంతారంభంలో అక్కడి పక్షులు ఎందుకు చురుకుగా ఉంటాయో వివరించడం.
2. నేల మీద గూడు పెట్టే పక్షుల ప్రవర్తనను వాటి ఆవాసంతో ముడిపెట్టి చెప్పడం.
3. కళ్లారా చూసిన దానికీ, దాన్నిబట్టి మనం ఊహించుకున్న దానికీ తేడా గుర్తించి, క్షేత్ర పరిశీలనను సరిగా నమోదు చేయడం.

1. ప్రస్తావన

పక్షుల వర్గీకరణ, శరీర నిర్మాణం, వలసల గురించి మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి బయటికి వెళ్దాం. దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామందికి ప్రయోగశాల దగ్గర్లో ఉండకపోవచ్చు. కానీ ఒక చెరువు, కొంత బీడు నేల, ఒక నోటుపుస్తకం అందరికీ దొరుకుతాయి. క్షేత్ర పరిశీలనకు మొదట్లో అంతకు మించి అవసరం లేదు.

ఈ పాఠంలో ఉదాహరణగా ఇంగ్లండ్‌లో గడిపిన ఒక రోజును తీసుకున్నాను. మన ఊరి చెరువు ఉండగా అంత దూరం ఎందుకని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, అక్కడ చలికాలానికీ వసంతానికీ తేడా ఎక్కువ కాబట్టి, రుతువు మారినప్పుడు పక్షుల్లో వచ్చే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు, అక్కడ పక్షుల లెక్కింపు దశాబ్దాలుగా జరుగుతోంది కాబట్టి, ఒక రోజు చూసినదాన్ని ఎన్నో ఏళ్ల లెక్కలతో పోల్చుకోవచ్చు.

పదవీ విరమణ తర్వాత ఒక ఏడాది మార్చిలో షెఫీల్డ్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ నెల మూడో వారంలో ఒక రోజంతా పక్షులను చూడడానికి కేటాయించాను. ఆ రోజు నా నోటుపుస్తకంలో ఒక తప్పు వాక్యం రాశాను. ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించిన వాడు రాయకూడని తప్పు అది. అదేమిటో అయిదో విభాగంలో చెబుతాను. ఈలోగా మీరు నాతో పాటే నడుస్తున్నారనుకోండి.

2. ఆ నేల ఎలాంటిది?

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య పీక్ డిస్ట్రిక్ట్ అనే ఎత్తైన ప్రాంతం ఉంది. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ఉద్యానంగా 1951లో దీన్నే ప్రకటించారు. షెఫీల్డ్ నగర పరిధిలో దాదాపు మూడో వంతు ఈ ఉద్యానంలోనే ఉంది. అందువల్ల ఊరి చివర దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి నడిచి మూర్‌ల్యాండ్ చేరుకోవచ్చు.

మూర్‌ల్యాండ్ అంటే చెట్లు దాదాపుగా లేని, గాలి, వాన ఎక్కువగా ఉండే ఎత్తైన నేల. మట్టిలో ఆమ్లగుణం ఎక్కువ, పోషకాలు తక్కువ. మన వైపు బీడు భూములతో దీన్ని పోల్చాలనిపిస్తుంది గాని, మన బీడు పొడి నేల, ఇది తడి నేల. మోకాలి ఎత్తు పెరిగే హీదర్ అనే పొద దీన్ని కప్పి ఉంటుంది. హీదర్ ఆగస్టులో ఊదారంగు పూలు పూస్తుంది. మార్చిలో మాత్రం గోధుమరంగులో ఎండినట్టు కనిపిస్తుంది.

హీదర్ కింద పీట్ అనే నల్లని పొర ఉంటుంది. నీరు నిలిచే చోట గాలి ఆడదు కాబట్టి చచ్చిన మొక్కలు, ముఖ్యంగా స్ఫాగ్నమ్ అనే నాచు, పూర్తిగా కుళ్లవు. అవి పొరలు పొరలుగా పేరుకుని పీట్‌గా మారతాయి. ఈ పొర ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. అంటే మీ కాళ్ల కింద ఒక మీటరు పీట్ ఉందంటే, దాని వెనుక వెయ్యేళ్లు ఉన్నాయన్నమాట. చుట్టుపక్కల పారిశ్రామిక నగరాల పొగ వల్ల ఈ ప్రాంతంలో స్ఫాగ్నమ్ చాలావరకు నశించింది. నేల ఎండిపోయి, గాళ్లు పడి, పీట్ కొట్టుకుపోసాగింది. 2003 నుంచి పలు సంస్థలు కలిసి ఆ గాళ్లకు చిన్న చిన్న అడ్డుకట్టలు వేస్తూ, నాచును తిరిగి నాటుతూ నేలను మళ్లీ తడిగా మారుస్తున్నాయి.

ఈ తడికీ పక్షులకూ సంబంధం ఏమిటి? మూర్‌ల్యాండ్ మీద గోల్డెన్ ప్లవర్ అనే పక్షి పిల్లలు ఎక్కువగా తినేది పొడుగు కాళ్ల క్రేన్ ఫ్లై ఈగలను. వాటి లార్వాలు తడి పీట్‌లో పెరుగుతాయి. ఆగస్టులో ఎండలు ఎక్కువై పై పొర ఎండితే లార్వాలు చస్తాయి, మరుసటి వసంతంలో ఈగలు తగ్గుతాయి, పిల్లలకు తిండి చాలదు. ఆ పిల్లలు పెద్దవై గూడు పెట్టే వయసు వచ్చేసరికి, అంటే వేడి వేసవి గడిచిన రెండేళ్లకు, పక్షుల సంఖ్యలో తగ్గుదల కనిపిస్తుంది. పెన్నైన్ కొండల దక్షిణ భాగంలో చేసిన దీర్ఘకాలిక అధ్యయనం ఈ వరసను చూపించింది. కారణానికీ ఫలితానికీ మధ్య రెండేళ్ల ఎడం ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. ఇది ముందు ముందు పనికొస్తుంది.

3. వసంతం వచ్చిందని పక్షికి ఎలా తెలుస్తుంది?

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు మేం బయలుదేరినప్పుడు చలి నాలుగు డిగ్రీలు. చేతి తొడుగులు లేనిదే బైనాక్యులర్ పట్టుకోలేని పరిస్థితి. అయినా పక్షులు పాడుతున్నాయి. అంటే అవి నమ్ముకున్నది వేడిని కాదు, వెలుతురును.

మార్చి 20 ప్రాంతంలో పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉంటాయి. ఇది భూమి అంతటికీ వర్తిస్తుంది. కాని ఆ సమానత్వానికి చేరే వేగం అన్ని చోట్లా ఒకటి కాదు. హైదరాబాద్‌లో పగటి నిడివి డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో సుమారు 13 గంటలు. షెఫీల్డ్ సుమారు 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే, జూన్‌లో సుమారు 17 గంటలు. అందువల్ల మార్చిలో అక్కడ పగలు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున పెరుగుతుంది.

పక్షి ఈ మార్పును కళ్లతో మాత్రమే గుర్తించదు. పుర్రె గుండా లోపలికి చేరిన కాంతిని మెదడు లోతుల్లో, అధఃపర్యంకం ప్రాంతంలో ఉన్న గ్రాహక కణాలు గ్రహిస్తాయి. పగటి నిడివి ఒక హద్దు దాటగానే పీయూష గ్రంథి బీజకోశాలను ఉత్తేజపరిచే హార్మోన్లను విడుదల చేస్తుంది. చలికాలమంతా కుంచించుకుపోయి ఉన్న బీజకోశాలు అనేక రెట్లు పెరుగుతాయి. మగపక్షి పాట, హద్దుల కోసం పోట్లాట, జంట కట్టడం అన్నీ దీని ఫలితాలే. దీన్నే కాంతి కాలావధి ప్రభావం అంటారు. వాతావరణం, తిండి లభ్యత గుడ్లు పెట్టే తేదీని కొద్దిగా అటూ ఇటూ జరుపుతాయి. అసలు గడియారం మాత్రం వెలుతురే.

4. ఉదయం: మూర్ మీద

నగరానికి పడమటి అంచున రెడ్‌మైర్స్ అనే మూడు చిన్న జలాశయాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో నగరానికి తాగునీటి కోసం కట్టినవి. వాటి చుట్టూ రాతి గోడల మధ్య గడ్డి పొలాలు, వాటికి పైన హాలమ్ మూర్ ఉంటాయి.

బయలుదేరే ముందు పరికరం గురించి ఒక మాట. నా దగ్గర ఉన్నది 8x42 బైనాక్యులర్. మొదటి అంకె వస్తువును ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. కటకం పెద్దదైతే మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది గాని బరువు పెరుగుతుంది. మీ దగ్గర బైనాక్యులర్ లేకపోతే పరిశీలన ఆపాల్సిన పని లేదు. మూర్ మీద ఆ ఉదయం నేను గుర్తించిన పక్షుల్లో సగం మొదట చెవికే దొరికాయి.

మొదట వినిపించింది స్కైలార్క్. మన భరతపక్షికి దగ్గరి చుట్టం. నేల మీద నుంచి నిటారుగా లేచి, చుక్కంత అయ్యేదాకా పైకి పోయి, అక్కడే రెక్కలాడిస్తూ ఆపకుండా పాడింది. తర్వాత మెడో పిపిట్ అనే చిన్న పిట్ట కొంత పైకెగిరి, రెక్కలు చాచి, పారాచూట్ దిగినట్టు కిందికి దిగుతూ పాడింది. పొలంలో ల్యాప్‌వింగ్‌లు గాలిలో పల్టీలు కొడుతున్నాయి. ఇది మన తీతువు పిట్ట ప్రజాతికే చెందింది. రెండింటి శాస్త్రీయ నామాల్లోనూ మొదటి మాట వానెల్లస్. తీతువుకు ముక్కు దగ్గర ఎర్రని తోలు ఉంటే, దీనికి తల మీద సన్నని నల్ల పింఛం ఉంటుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఈ పక్షులన్నీ ఎగురుతూనే ఎందుకు పాడుతున్నాయి? అడవిలో మగపక్షి ఎత్తైన కొమ్మ మీద కూర్చుని పాడుతుంది. మూర్ మీద కొమ్మ లేదు. పాట దూరం పోవాలంటే, తాను నలుగురికీ కనిపించాలంటే, ఆకాశాన్నే వేదికగా చేసుకోవాలి. వేర్వేరు కుటుంబాలకు చెందిన పక్షుల్లో ఒకే రకం ప్రవర్తన కనిపించినప్పుడు దాని వెనుక ఒకే రకం ఆవాసం ఒత్తిడి ఉండవచ్చునని అనుమానించాలి.

దారి పైకెక్కే కొద్దీ పొలాలు పోయి హీదర్ మొదలైంది. కాళ్ల దగ్గర నుంచి రెడ్ గ్రౌస్ ఒకటి కొక్కొక్కొమంటూ లేచి పోయింది. దాని అరుపు అక్కడివారికి ‘గో బ్యాక్, గో బ్యాక్’ అన్నట్టు వినిపిస్తుందట. కోడి జాతికి చెందిన ఈ పక్షికి హీదర్ లేత చిగుళ్లే ముఖ్యమైన ఆహారం. దీని వేట సీజన్ ఏటా ఆగస్టు 12న మొదలవుతుంది. వేట కోసం పెంచే మూర్‌లలో హీదర్‌ను వంతులవారీగా చిన్న చిన్న పట్టీలుగా కాలుస్తారు. కాల్చిన చోట లేత చిగుళ్లు తిండికి, కాల్చని చోట ముదురు పొద చాటుకు పనికొస్తాయి. కాని నిప్పు లోతైన పీట్‌ను దెబ్బతీస్తుందన్న కారణంతో, 2021లో ఇంగ్లండ్ ప్రభుత్వం రక్షిత ప్రాంతాల్లో లోతైన పీట్ మీద అనుమతి లేకుండా కాల్చడాన్ని నిషేధించింది.

ఎదుటి వాలు మీద తెల్లగా కదిలింది కొండ కుందేలు. చలికాలంలో మంచులో కలిసిపోయేందుకు దాని బొచ్చు తెల్లబడుతుంది. మార్చిలో మంచు కరిగిపోయినా బొచ్చు ఇంకా పూర్తిగా మారదు కాబట్టి, గోధుమరంగు నేల మీద అది దూరం నుంచే దొరికిపోతుంది. గోల్డెన్ ప్లవర్ కనిపించలేదు గాని, ఒకే స్వరంలో సన్నగా విషాదంగా ఈల వేసినట్టుండే దాని కూత రెండుసార్లు వినిపించింది.

అప్పుడు వచ్చింది కర్లూ. మొదట నెమ్మదిగా, విడివిడిగా నాలుగైదు ఈలలు. తర్వాత అవి దగ్గర దగ్గరగా వచ్చి, చివరికి బుడగలు ఉడుకుతున్నట్టు ఒకే ప్రవాహంగా మారాయి. కిందికి వంగిన పొడుగాటి ముక్కుతో పెద్ద గోధుమరంగు పక్షి, రెక్కలు చాచి తేలుతూ మా తల మీదుగా పోయింది. అరగంటలో నాలుగు కర్లూలు లెక్కపెట్టాను. మా అమ్మాయి, ఇంతవరకు పక్షుల గురించి ఏనాడూ అడగని మనిషి, “దీని పేరేమిటి నాన్నా?” అని అడిగింది.

ఈ పక్షి మనకు కొత్తది కాదు. శీతాకాలంలో కోరింగ మడ అడవుల దగ్గర బురద నేలల్లో, పులికాట్ సరస్సు అంచుల్లో కర్లూలు కనిపిస్తాయి. అయితే అవి ఆసియా గడ్డి మైదానాల నుంచి మన తీరానికి వచ్చేవి. ఇంగ్లండ్ కర్లూలు చలికాలం బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్ తీరాల్లోనే గడుపుతాయి. జాతి ఒకటే, దారులు వేరు. మన దగ్గర వాటి వసంతపు పాట వినే అవకాశం దాదాపు లేదు, ఎందుకంటే అవి మన దగ్గర గూడు పెట్టవు.

5. నోటుపుస్తకంలో తప్పు

దారి పక్క గోడకు ఆనుకుని నేను ఆ రోజు రాసుకున్న వాక్యం ఇది: “కర్లూలు 4. పాడుతున్నాయి. ఇక్కడ కర్లూలు బాగా వృద్ధి చెందుతున్నాయి.”

ఆ దారిలో ఒక పెద్దాయన కలిశారు. ఆ ప్రాంతంలో ఏటా స్వచ్ఛందంగా పక్షులను లెక్కించే మనిషి. మాటల్లో నా వాక్యం ఆయనకు చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. “మొదటి రెండు ముక్కలూ మీరు చూసినవి. మూడోది మీరు చూడలేదు. వృద్ధి చెందుతున్నాయో లేదో ఇప్పుడు తెలియదు, జూన్‌లో తెలుస్తుంది. అప్పుడు పిల్లల్ని చూడాలి” అన్నారు.

ఆయన అన్నదాంట్లో ఎంత అర్థం ఉందో లెక్క వేసి చూద్దాం. కర్లూ ఎక్కువ కాలం బతికే పక్షి. కాలికి వేసిన గుర్తు రింగు ఆధారంగా 30 ఏళ్లు దాటి బతికిన కర్లూ రికార్డు బ్రిటన్‌లో ఉంది. పెద్ద పక్షుల్లో పదింటికి సుమారు తొమ్మిది మరుసటి ఏటికి బతికే ఉంటాయి. గూడు పెట్టిన చోటికే అవి ఏటా తిరిగి వస్తాయి. ఇప్పుడు ఒక మూర్ మీద 20 పెద్ద కర్లూలు ఉన్నాయనీ, ఏ ఒక్క పిల్లా బతకడం లేదనీ అనుకోండి. మరుసటి ఏడాది 18 వస్తాయి, ఆపై ఏడాది 16. అయిదేళ్లకు కూడా దాదాపు 12 ఉంటాయి. పదేళ్ల తర్వాత సుమారు ఏడు. అంటే ఒక్క పిల్ల కూడా పెరగని చోట పదేళ్ల పాటు ప్రతి మార్చిలోనూ పాట వినిపిస్తూనే ఉంటుంది. వినేవాడు అంతా బాగానే ఉందనుకుంటాడు. రెండో విభాగంలో గోల్డెన్ ప్లవర్ విషయంలో రెండేళ్ల ఎడం చూశాం. ఇక్కడ ఆ ఎడం ఇంకా ఎక్కువ.

వాస్తవంగా జరుగుతున్నదీ ఇలాంటిదే. ప్రపంచంలో గూడు పెట్టే కర్లూల్లో దాదాపు నాలుగో వంతు బ్రిటన్‌లోనే ఉంటాయి. అక్కడ 1990ల మధ్య నుంచి వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. 2015లో వాటిని బ్రిటన్ పక్షుల ఎరుపు జాబితాలో చేర్చారు. పెద్దవి చావడం కన్నా పిల్లలు బతక్కపోవడమే ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు గుర్తించారు. సంఖ్య నిలకడగా ఉండాలంటే ఒక్కో జంట సగటున రెండేళ్లకు ఒక పిల్లనైనా ఎగిరే దశకు తేవాలి. చాలా చోట్ల అది కూడా జరగడం లేదు.

ఎందుకు జరగడం లేదు? కర్లూ నేల మీద చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. నాలుగు వారాలు పొదగాలి, పిల్లలు ఎగరడానికి మరో అయిదు వారాలు పడుతుంది. ఈ తొమ్మిది వారాల్లో నక్కలు, కాకులు గుడ్లనూ పిల్లలనూ తింటాయి. తడి గడ్డి నేలల నుంచి నీరు తోడేస్తే పురుగులు తగ్గుతాయి. పశుగ్రాసం కోసం గడ్డిని ముందుగా కోస్తే యంత్రం కింద గూళ్లు పోతాయి. బయలు నేలల్లో చెట్ల తోటలు వేస్తే చోటు తగ్గుతుంది, నక్కలకు చాటు పెరుగుతుంది.

పరిష్కారం కూడా సూటిగా లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆటర్‌బర్న్ వద్ద 2000 నుంచి 2008 వరకు జరిగిన ప్రయోగంలో, నక్కలను, కాకులను అదుపు చేసినప్పుడు నేల మీద గూడు పెట్టే పక్షులు పిల్లలను పెంచడంలో సగటున మూడు రెట్లు ఎక్కువగా సఫలమయ్యాయి. ఆ అదుపు చేసేది ఎక్కువగా గ్రౌస్ వేట కోసం మూర్‌లను నిర్వహించేవారే. మరోపక్క అలాంటి మూర్‌లలో హెన్ హారియర్ వంటి వేటపక్షులను చట్టవిరుద్ధంగా చంపిన ఉదంతాలూ ఉన్నాయి. ఒక పక్షికి మేలు చేసే ఏర్పాటు మరొకదానికి కీడు కావచ్చు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఒక పక్షమే రాయకండి, రెండు ఆధారాలనూ రాయండి.

కర్లూ ప్రజాతికే చెందిన సన్నముక్కు కర్లూను చివరిసారి రూఢిగా చూసింది 1995లో, మొరాకోలో. ఆ పక్షి అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించిన విశ్లేషణలో తేల్చారు. చివరి పక్షిని చూసినవారిలో ఎవరికీ అదే చివరిదని ఆ రోజు తెలిసి ఉండదు.

6. మధ్యాహ్నం: లేడీబవర్ జలాశయం

రెడ్‌మైర్స్ నీటి మీద అంతకుముందే మల్లార్డ్ బాతులు, కెనడా గూస్‌లు, నల్లతల గల్స్ చూశాం. ఈ గల్స్ శీతాకాలంలో మన తీరానికీ వస్తాయి. మన దగ్గర ఉన్నప్పుడు వాటి తల తెల్లగా, కంటి వెనుక ఒక్క చుక్కతో ఉంటుంది. మార్చిలో ఆ తల చాక్లెట్ రంగుకు మారుతుంది. ఒకే పక్షిని రుతువునుబట్టి రెండు జాతులుగా పొరబడవద్దు.

మధ్యాహ్నం కారులో కొండ దిగి లేడీబవర్ జలాశయానికి వెళ్లాం. 1945లో ప్రారంభించిన ఈ జలాశయం కింద డెర్వెంట్, యాషప్టన్ అనే రెండు పాత పల్లెలు మునిగిపోయాయి. శ్రీశైలం ముంపు గ్రామాల గురించి విన్న మనకు ఇది పరాయి కథ కాదు.

అంత పెద్ద నీరు చూసి వందల బాతులు ఉంటాయని మా అమ్మాయి ఆశపడింది. ఉన్నవి పాతిక లోపే. దీనికి కారణం లోతు. లేడీబవర్ ఏటవాలు గట్ల మధ్య ఉన్న లోతైన నీరు. పీట్ నేలల నుంచి వచ్చే ఆ నీటిలో ఆమ్లగుణం ఎక్కువ, పోషకాలు తక్కువ. అడుగుకు వెలుతురు చేరదు కాబట్టి మొక్కలు పెరగవు. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు అక్కడ తిండి అందదు. మన కొల్లేరు, ఉప్పలపాడు చెరువు వంటి లోతు తక్కువ నీళ్లు చిన్నవైనా ఎక్కువ పక్షులను పోషిస్తాయి. నీటి విస్తీర్ణాన్ని కాక, అంచునూ లోతునూ చూడండి.

లోతు నీటిలో ఉన్నవి గూసాండర్‌లు. మునిగి చేపలు పట్టే బాతులు. ముక్కు అంచులు రంపంలా ఉండి జారే చేపను పట్టి ఉంచుతాయి. మగది తెల్లని ఒళ్లు, ముదురాకుపచ్చ తల. ఆడది బూడిదరంగు ఒళ్లు, ఇటుకరంగు తల. జలాశయంలో కలిసే వాగులో డిప్పర్ అనే పొట్టి పిట్ట రాయి మీద కూర్చుని ఊగుతూ, ఒక్కసారిగా నీటిలోకి నడిచిపోయింది. నీటి అడుగున రాళ్ల మధ్య పురుగులు వెతుక్కుంటుంది.

పైనున్న దేవదారు జాతి తోటల్లో గోషాక్ అనే డేగ ఉంటుంది. అరగంట చూశాం, కనిపించలేదు. అదీ రాసుకున్నాం. అయితే ‘గోషాక్ లేదు’ అని రాయలేదు. ‘మధ్యాహ్నం 3 నుంచి 3.30 వరకు చూశాం, గోషాక్ కనిపించలేదు’ అని రాశాం. గోషాక్ వసంతారంభంలో తోటల మీద చక్కర్లు కొట్టేది ఎక్కువగా ఎండ కాసే ఉదయాల్లో. మేం వెళ్లింది సాయంత్రం వైపు. ఆ సంగతి రికార్డు చదివేవారికి తెలియాలి.

7. ఎలా నమోదు చేయాలి?

బ్రిటన్‌లో 1994 నుంచి ఏటా జరుగుతున్న సంతాన పక్షుల గణనలో స్వచ్ఛంద కార్యకర్తలు యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన ఒక చదరపు కిలోమీటరులో పక్షులను లెక్కిస్తారు. ప్రతి ఏడూ అదే దారిలో, వసంతంలో రెండుసార్లు నడుస్తారు. చూసిన, విన్న ప్రతి పక్షినీ దూరంతో సహా రాస్తారు. కర్లూలు సగానికి తగ్గాయని ప్రపంచానికి తెలిసింది ఇలాంటి మామూలు కాగితాల వల్లే. ఒకరి జ్ఞాపకం వల్ల కాదు.

మీరు చేసే నమోదులో ఈ అంశాలు తప్పక ఉండాలి.

అ) తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, వాతావరణం.
ఆ) పక్షి పేరు, సంఖ్య, చూశారా లేక విన్నారా.
ఇ) ప్రవర్తన: పాట, మేత, పోట్లాట, గూటికి పుల్లలు మోయడం, హెచ్చరిక కేకలు వంటివి.
ఈ) వెతికినా కనిపించనివి.
ఉ) గుర్తుపట్టలేనివి. వాటికి ఊహించి పేరు పెట్టవద్దు. ‘చిన్న గోధుమరంగు పిట్ట, గుర్తించలేదు’ అని రాస్తే అది నిజాయితీగల రికార్డు.

ఊహ రాయకూడదని కాదు. ఊహను వేరే వరుసలో, ఊహ అని చెప్పి రాయండి. నా తప్పు వాక్యాన్ని ఇప్పుడు ఇలా సరిదిద్దుతాను: “కర్లూలు 4. చూసినవి 2, విన్నవి 2. ఎగురుతూ పాడుతున్నాయి. గూడు, పిల్లల ఆధారం: ఈ తేదీకి లేదు. జూన్‌లో మళ్లీ చూడాలి.”

8. మీ ఊళ్లో చేయవలసిన పని

ఉగాదికి అటూ ఇటూ, అంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు, మన చెరువుల్లోనూ మార్పు జరుగుతుంది. ఉత్తరం నుంచి వచ్చిన బాతులు ఒక్కో గుంపుగా వెళ్లిపోతాయి. అదే సమయంలో మన తీతువు పిట్ట బీడు నేలలో, దున్నిన చేలో, ఒక్కోసారి మిద్దె మీద కంకర్లో కూడా గుడ్లు పెడుతుంది. ల్యాప్‌వింగ్‌లాగా, కర్లూలాగా ఇదీ నేల మీద గూడు పెట్టే పక్షే. ఇబ్బందులూ అవే.

తీతువు కూస్తే చెడు జరుగుతుందని మన పల్లెల్లో నమ్మేవారు ఉన్నారు. ఉత్తర ఇంగ్లండ్ పల్లెల్లోనూ రాత్రిపూట కర్లూల కూతను అపశకునంగా భావించేవారు. నిజానికి తల మీద తిరుగుతూ తీతువు అరుస్తోందంటే, దగ్గర్లో గుడ్లో పిల్లలో ఉన్నాయని అర్థం. కీడు మనకు కాదు, మన వల్ల దానికి. వెంటనే వచ్చిన దారిన వెనక్కి వెళ్లండి. గూటి కోసం వెతకవద్దు, గూటి ఫొటో తీయవద్దు. మనిషి అడుగుజాడల వెంట కాకులు, కుక్కలు గూటిని కనిపెడతాయి. ఇంగ్లండ్‌లో ప్రజలకు ప్రవేశం ఉన్న మూర్‌ల మీద మార్చి 1 నుంచి జులై 31 వరకు కుక్కలను పొట్టి తాడుతో కట్టి ఉంచాలని చట్టమే చెబుతుంది. మన దగ్గర ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

ఒక చెరువునో బీడునో ఎంచుకుని, వారానికి ఒకసారి, ఒకే సమయంలో, ఒకే దారిలో, ఆరు వారాలు నడవండి. పై విభాగంలో చెప్పిన పద్ధతిలో రాయండి. అసైన్‌మెంట్‌గా ఆ పేజీలే పంపండి. దిద్ది శుభ్రంగా తిరగరాసిన ప్రతి అవసరం లేదు.

నేను ఏప్రిల్‌లో ఇంటికి తిరిగి వచ్చేశాను. జూన్ రెండో వారంలో మా అమ్మాయి దగ్గర నుంచి సందేశం వచ్చింది. ఆమె ఒక్కతే రెడ్‌మైర్స్ పై దారికి వెళ్లింది. “నాన్నా, పొద్దున 6.40 నుంచి 6.55 వరకు. పెద్ద కర్లూలు 2. నా తల మీద తిరుగుతూ గట్టిగా అరిచాయి, పాట కాదు. పిల్లలు కనిపించలేదు. వెంటనే వచ్చేశాను.” పెద్దవి అలా అరిచాయంటే దగ్గర్లో పిల్లలు ఉండే అవకాశం బలంగా ఉంది. ఉన్నాయని మాత్రం చెప్పలేం. ఆమె రాసిన దాంట్లో నేను దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.

సారాంశం

మూర్‌ల్యాండ్ ఎత్తైన, చెట్లు లేని, తడి పీట్ నేల. వసంతంలో పగటి నిడివి పెరగడం పక్షుల్లో సంతానోత్పత్తికి ప్రేరణ. చెట్లు లేనందున అక్కడి పక్షులు ఎగురుతూ పాడతాయి. నీటి పక్షుల సంఖ్య నీటి విస్తీర్ణం కన్నా లోతు, పోషకాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. దీర్ఘకాలం జీవించే పక్షుల విషయంలో పెద్దవి కనిపించడం సంతతి క్షేమానికి రుజువు కాదు. ఏటా ఒకే చోట, ఒకే పద్ధతిలో చేసిన నమోదే అసలు స్థితిని చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. షెఫీల్డ్‌లోనూ హైదరాబాద్‌లోనూ మార్చి నెలలో పగటి నిడివి పెరిగే వేగం ఎందుకు తేడాగా ఉంటుంది? దాని ప్రభావం పక్షుల మీద ఏమిటి?
2. ఒక మూర్ మీద 30 పెద్ద కర్లూలు ఉన్నాయి. ఏటా పదింటికి తొమ్మిది బతుకుతాయి, పిల్లలు ఏవీ బతకవు అనుకుంటే నాలుగేళ్ల తర్వాత సుమారు ఎన్ని మిగులుతాయి? ఆ నాలుగేళ్లలో పాట మాత్రమే వినే పరిశీలకుడు ఏ పొరపాటు చేయవచ్చు?
3. ‘పక్షి లేదు’, ‘పక్షి కనిపించలేదు’ అన్న రెండు నమోదుల మధ్య తేడాను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
4. మీ ఊరి చెరువు, లేడీబవర్ జలాశయాల మధ్య లోతు, అంచు, ఆహారం దృష్ట్యా పోలికలు, తేడాలు రాయండి.